వదిన కత్తిరించిన కనుబొమ్మలు

ఒక మాటను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. గుండెల మీద బరువు అంటారు అందరూ. నాకు మాత్రం అది నొసటి కింద, రెండు కళ్ళ పైన ఉంటుంది. పొద్దున్నే అద్దం ముందు నిలబడితే చూపు ముందు అక్కడికే పోతుంది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే నోరు పెగులుతోంది. తెలిసినవాళ్ళ ముందు చెప్పే ధైర్యమే ఉంటే ఇలా కాగితాలు ఖరాబు చేసే పని ఉండేది కాదు.

నా కనుబొమ్మలు పుట్టుకతో వచ్చినవి కావు. పరాయి దేశంలో ఒక డాక్టరు నా తల వెనుక నుంచి వెంట్రుకలు తీసి కళ్ళ పైన నాటాడు. తాము కనుబొమ్మలమని వాటికి ఇప్పటికీ తెలియదు. తల మీద ఉన్నట్టే పెరుగుతూ పోతాయి. కొన్నాళ్ళు వదిలేస్తే రెప్పల మీదికి వాలతాయి. తలుపు గడియ పెట్టుకుని చిన్న కత్తెరతో కత్తిరించుకుంటాను. నా భర్త అది నా సోకు అనుకుంటాడు. తల వెనుక మచ్చ చిన్నప్పుడు బావిగట్టు మీద పడితే అయిందని చెప్పాను. నమ్మాడు. మంచి మనిషి. మంచివాళ్ళను మోసం చేయడం ఎంత సులువో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదేమో.

కనుబొమ్మలు పెట్టించుకోవడం తప్పు కాదు. ఆ సంగతి ముందే చెప్పేస్తాను. ఎవరి దగ్గరా దొంగిలించలేదు. నా తప్పు వేరే. దానికే వస్తున్నాను. నేరుగా రాలేకపోతున్నాను, అంతే.

మాది సాతంరాయి. బెంగుళూరు రోడ్డు పక్కన ఊరు. ఇప్పుడు ఆ పక్కనే విమానాలు దిగుతాయి గాని, నేను చెప్పే తొంభైల నాటికి శంషాబాద్ చుట్టూ ద్రాక్షతోటలు, వాటి మధ్య మట్టిబాటలు. అమ్మానాన్నలు నాకు బుద్ధి తెలియకముందే పోయారు. నన్ను పెంచింది అన్నా వదినలు. అన్న లారీ డ్రైవరు, ఇంట్లో ఉన్న రోజులు తక్కువ. కాబట్టి పెంచింది వదినే. ఆమెకు పిల్లలు కలగలేదు. నా తల దువ్వింది, నన్ను బడికి పంపింది, నాకు జ్వరం వస్తే తాను తిండి మానేసింది. రెండు బర్రెలు ఉండేవి. పొద్దున పాలు పిండి ఊళ్ళో కొన్ని ఇళ్ళకూ, శంషాబాద్ హోటళ్ళకూ పోసి వచ్చేది.

మేము క్రైస్తవులం. మా చిన్న చర్చిలో నెలకొకసారి ప్రభు బల్ల ఉండేది. ఒకటే గిన్నె. పాస్టరు అయ్యగారు దాన్ని వరుసగా పెదవులకు అందిస్తుంటే అందరం అందులోనే ద్రాక్షరసం ఒక్కో గుక్క తాగేవాళ్ళం. ఆ రసం చేసేది మా వదిన. తోటలో కోతకు పోయినప్పుడు మంచి పళ్ళు అడిగి తెచ్చుకుని, కడిగి, కాచి, తెల్లగుడ్డలో వడకట్టి, సీసాల్లో పోసి దాచేది. ఆ పని ఆమెకు ఎంత గొప్పో చెప్పలేను. బడి మొహం చూడని మనిషి, పాటల పుస్తకం తిరగేసి పట్టుకునే మనిషి. సంఘమంతా తన చేతి రసం తాగుతుందని ఆ ఆదివారం ఆమె నడకే వేరుగా ఉండేది. ఈ గిన్నె సంగతి గుర్తుపెట్టుకోండి.

నేను ఇంటర్ తప్పి ఇంట్లో ఉన్న రోజులు. ఒకనాడు రొట్టెలు చేస్తూ పెనం అంచుకు మోచేయి ఆనించి ఏదో మాట్లాడుతున్నాను. వదిన కేక వేసి చెయ్యి లాగింది. చర్మం కాలి బొబ్బ లేచింది. నాకు తెలియనే లేదు. ఆమె ఆ చోట పిన్నీసుతో గుచ్చి నా ముఖంలోకి చూసింది. నేను ఉలకలేదు. అప్పటికే నా కనుబొమ్మల చివర్లు పలచబడుతున్నాయి. ఇద్దరం ఆ మాట పైకి అనలేదు. మా వైపు దాన్ని పెద్దరోగం అంటారు. కుష్టు అని పలకడానికి కూడా జంకుతారు.

ఊరికి దూరంగా, ఆ రోగానికే ఒక మిషన్ దవాఖాన ఉండేది. బస్సు దాని గేటు ముందే ఆగేది. ఆ స్టేజీలో దిగేవాళ్ళు ఎందుకు దిగుతారో బస్సులో అందరికీ తెలుసు. దిగేవాళ్ళు తల వంచుకుంటారు, కూర్చున్నవాళ్ళు కాళ్ళు వెనక్కి లాక్కుంటారు. వదిన ఒక ఉపాయం చేసింది. పహాడీ షరీఫ్ దర్గా ఉర్సు అంగళ్ళలో నాకొక బురఖా కొన్నది. ఇంటి నుంచి మామూలుగా బయలుదేరి, శంషాబాద్‌లో ఒక హోటలు వెనుక అది తొడుక్కుని బస్సెక్కేదాన్ని. నన్నెవరూ పోల్చలేదు. వదిన మాత్రం ముఖం మీద కొంగు కూడా లేకుండా, నెలనెలా నాతో పాటు ఆ స్టేజీలో దిగింది. నన్ను దాచింది గాని తాను దాక్కోవాలని ఆమెకు తోచలేదు. రోగం లేని మనిషికి అలా ఎందుకు తోస్తుంది?

రెండేళ్ళు మందులు మింగాను. ఒళ్ళు నల్లబడింది. ఎండకు మాడిందని అందరికీ చెప్పుకున్నాం. దవాఖానవాళ్ళు అన్ననూ వదిననూ కూడా పిలిపించి పరీక్ష చేశారు. ఇద్దరికీ ఏమీ లేదన్నారు. చివరికి నాకు పూర్తిగా నయమైందని, ఇక నా వల్ల ఎవరికీ అంటదని చెప్పి పంపించారు. నలుపు మెల్లగా విరిగింది. కనుబొమ్మలు మాత్రం తిరిగి రాలేదు.

కనుబొమ్మలు లేని ముఖం మీరెప్పుడైనా చూశారా? ముక్కు బాగుంటుంది, కళ్ళు బాగుంటాయి, అయినా చూసినవాళ్ళు చూపు తిప్పుకుంటారు. మా వైపు ముసలివాళ్ళు మనిషిలో ముందు చూసేది అక్కడే. నల్ల పెన్సిలుతో గీసుకునేదాన్ని. చెమట పడితే కారేది. ఇట్లా దొంగలా ఊళ్ళో బతకలేక, తెలిసినవాళ్ళను పట్టుకుని గల్ఫ్‌లో ఇంటిపనికి పోయాను. అప్పుడు విమానం ఎక్కాలంటే బేగంపేట పోవాలి. వదిన అక్కడి గేటు దాకా వచ్చి, లోపలికి పోయే ముందు కొంగుతో నా నొసటి చెమట అద్దింది. పెన్సిలు గీత చెరగకుండా ఎక్కడ అద్దాలో ఆమెకు తెలుసు.

అక్కడి ఇంటి యజమానురాలిని మేడమ్ అనేవాళ్ళం. వంటింటి సెగకు పెన్సిలు కరిగి, ఒకరోజు ఆమె చిన్న కూతురు నన్ను చూసి జడుసుకుంది. ఏమైందని మేడమ్ అడిగితే స్టవ్ పేలి కాలిపోయాయని చెప్పాను. అబద్ధం బాగానే పనిచేసింది. ఆమె తమ్ముడు చర్మం ఆపరేషన్లు చేసే డాక్టరు, జుట్టు నాటే పని కొత్తగా నేర్చుకుని వచ్చాడు. జాలిపడ్డాడో, నా మీద చెయ్యి సాధన చేసుకుందామనుకున్నాడో, ఊరికే చేస్తానన్నాడు. బొంబాయిలో చదివినవాడు, హిందీ వచ్చు. నా నొసలు వేలితో తడిమి, కాలిన మచ్చ ఎక్కడా లేదే అన్నాడు. కాసేపు నా మోచేతి మీది మచ్చ వైపు చూసి, మందులు పూర్తిగా వాడావా అని మాత్రం అడిగాడు. తలూపాను. ఆ సంగతి ఆయన తన అక్కకు కూడా చెప్పలేదు.

బోర్లా పడుకోబెట్టి, తల వెనుక కొంత మేర గొరిగి, సూదిమందు ఇచ్చి, వేలెడంత చర్మం కోసి తీశాడు. నొప్పి లేదు గాని కోస్తున్న చప్పుడు ఎముకలో వినిపించింది. కుట్లు వేసి వెల్లకిలా తిప్పారు. నర్సు ఆ చర్మంలో నుంచి వెంట్రుకలను కుదుళ్ళతో సహా విడదీసి ఉప్పునీళ్ళలో వేస్తుంటే, ఆయన నా కళ్ళపైన సూదిమొనతో గంట్లు పెట్టి ఒక్కొక్కటే దూర్చాడు. వరినారు నాటినట్టే. ముక్కు దగ్గర నిటారుగా, చివరికి పోయేకొద్దీ పక్కకు వాల్చి. పొద్దున మొదలుపెట్టింది మధ్యాహ్నం నమాజు పిలుపు దాటాక గాని ముగియలేదు. వదిన ఉంటే నా చెయ్యి పట్టుకునేది అనుకుని ఏడ్చాను. ఏడవకు, కదిలితే తప్పు చోట పడతాయి అని ఆయన కసిరాడు. ఆనాటి ఏడుపు నిజం. అది తలచుకుంటేనే నా మీద నాకు ఎక్కువ అసహ్యం వేస్తుంది. ప్రేమ లేక చేసిన పని అయితే కనీసం అర్థమయ్యేది.

ముఖం వాచి కళ్ళు మూసుకుపోయాయి. వాపు దిగి పొక్కులు రాలాక, నాటిన వెంట్రుకలు కూడా వాటితో పాటే రాలిపోయాయి. దిండు మీద వాటిని చూసి, దేవుడే నన్ను వద్దన్నాడనుకున్నాను. రాలడం మామూలే, మళ్ళీ మొలుస్తాయి అన్నాడు డాక్టరు. మొలిచాయి. ముందు నల్లటి చుక్కలు, తర్వాత నిజం కనుబొమ్మలు. అద్దంలో ఒక ఆడపిల్ల కనిపించింది. చాలా రోజులకు కనిపించింది. ఈ పిల్లను ఎట్లాగైనా కాపాడుకోవాలని అప్పుడే అనుకున్నానేమో.

ఊరికి వచ్చాక కొత్వాల్‌గూడ సంబంధం కుదిరేలా ఉంది. అబ్బాయి బస్సు డిపోలో మెకానిక్కు. చూపులకు వచ్చిన వాళ్ళ అమ్మ నన్ను పెరట్లోకి తీసుకుపోయి మెత్తగా మాట్లాడింది. కనుబొమ్మలు ఒత్తుగా, చక్కగా ఉన్నాయని మెచ్చుకుంది. ఆ వెంటనే గొంతు తగ్గించి, మీ ఇంట్లో ఎవరికో పెద్దరోగం ఉందట, ఆ దవాఖాన స్టేజీలో మీ వదిన దిగుతుంటే మావాళ్ళు చూశారు, నిప్పు లేనిదే పొగ రాదు కదా, ఎవరికి అని అడిగింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. నేను కనుబొమ్మలు తడుముకున్నాను. చెయ్యి దానంతట అదే పైకి పోయింది. వంటింట్లో వదిన వాళ్ళ కోసం చాయ్ పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"మా వదినకు," అన్నాను. "ఎన్కట. ఇప్పుడు తక్కువైంది."

కాలు జారితే తీసుకోగలం గాని నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు జారలేదు. తెలిసే అన్నాను. ఎవరికీ లేదంటే వాళ్ళు నమ్మరని, నమ్మకపోతే ఇంట్లో ఒక్కొక్కరినీ పట్టి పట్టి చూస్తారని, చూసిన చూపు నా మోచేతి దగ్గర ఆగుతుందని, ఇదంతా ఆ ఒక్క గుటకలో ఆలోచించుకుని మరీ అన్నాను. ఆమె లోపలికి వచ్చి చాయ్ గ్లాసు ముట్టలేదు. చల్లారిపోతోంది తాగమని వదిన రెండుసార్లు చెప్పింది. రోగం రక్తంలో లేదు, బయటి నుంచి వచ్చిన కోడలికే కదా అని వాళ్ళు తృప్తిపడ్డారట. పెండ్లి ఖాయమైంది.

మాట మాత్రం కొత్వాల్‌గూడలో ఆగలేదు. ముందు హోటళ్ళవాళ్ళు పాలు వద్దన్నారు. తర్వాత ఊళ్ళోవాళ్ళు. కారణం ఎవరూ చెప్పలేదు. పాలు మిగిలిపోయి వదిన తోడు మీద తోడు పెడుతుంటే, ఇంటి నిండా పెరుగు వాసన. ఆమెకు అర్థం కావడానికి ఎన్నాళ్ళు పట్టిందో నాకు తెలియదు. పెండ్లి దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం కత్తెర పట్టుకుని నన్ను గడప మీద కూర్చోబెట్టింది. ఈ కనుబొమ్మలు పెరుగుతూనే ఉంటాయని నాకు అలవాటు కాలేదు, అప్పటికి అవి కళ్ళ మీద పడుతున్నాయి. ఎడమచేత్తో నా గడ్డం పట్టుకుంది.

"కదలకు. కన్నుకు తగుల్తది," అన్నది. కొన్ని వెంట్రుకలు కత్తిరించాక మెల్లగా అడిగింది. "మీ అత్తకు నువ్వే చెప్పినవా, నాకు రోగమున్నదని?"

"నేనే."

"గట్లెందుకన్నవ్ బిడ్డా?"

"భయమైంది వదినా."

ఆమె చెయ్యి ఆగింది. కత్తెర మొన నా రెప్ప మీద చల్లగా తగులుతోంది. నాకు ఆ క్షణాన భయం వేయలేదు. ఆమె నన్నేమీ చేయదని నాకు అంత గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే కదా అంత పనీ చేశాను.

"మీ అన్నకు చెప్పిన. పెండ్లి దాంక నోరు మెదపకన్నడు," అన్నది. "నేను గూడ గదే అంటున్న. ఇప్పుడు చెప్తె నీ బతుకు ఆగమైతది. పెండ్లయినంక సంఘంల నిలబడి ఒక్కసారి చెప్పు. నాది అని చెప్పకు. మా వదినకు ఏ రోగం లేదు అని చెప్పు. గా నాలుగు మాటలు సాలు నాకు."

"చెప్త వదినా."

"సరె. ఇగ కండ్లు మూస్కో."

మూసుకున్నాను. రెండో కనుబొమ్మ కూడా అంతే జాగ్రత్తగా కత్తిరించింది. ముఖం మీద పడ్డ వెంట్రుకలను నోటితో ఊది, కొంగుతో దులిపింది.

పెండ్లయింది. తర్వాతి ప్రభు బల్లకు భర్తతో సాతంరాయి వచ్చాను. చెబుదామనే వచ్చాను. అట్లా అనుకునే బస్సెక్కాను, ఇది మీరు నమ్మకపోయినా సరే. ఆ రోజు రసం అయ్యగారి భార్య చేసింది. కొంచెం పులుపు. గిన్నె నా దాకా వచ్చింది, తాగాను. మూడు వరుసల వెనుక, గోడ పక్కన వదిన ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె దగ్గరికి పోయేసరికి అయ్యగారు గిన్నె పక్కన పెట్టి, గుడ్డలో నుంచి చిన్న స్టీలు గ్లాసు తీశాడు. అందులో ఇంత పోసి ఆమె ముందు పెట్టాడు. చేతికి కూడా ఇవ్వలేదు. ఆమె ఆ గ్లాసు వైపు చూసి, తల ఎత్తి నా వైపు చూసింది. కోపంగా కాదు. చెబుతావు కదా అన్నట్టు.

నేను పెదవులు తుడుచుకున్నాను. పక్కన నా భర్త, ఆ పక్కన అత్త. పాట మొదలైంది. అందరితో పాటు లేచి నిలబడి పాడాను.

ఆ చర్చిలో ఆ రోగం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. గిన్నెకు మూతి పెట్టింది నేను, విడిగ్లాసులో తాగింది ఆమె. నాది నయమైన రోగం, నేను తాగినా ఎవరికీ ఏమీ కాలేదు. అంటే ఆ గ్లాసు ఎవరికీ అక్కరలేదు, నాకు తప్ప.

వచ్చే నెల చెబుదాం అనుకున్నాను. ఆ తర్వాత కడుపుతో ఉన్నాను, కాన్పు కానీ అనుకున్నాను. బాబు పుట్టాక వాడి కోసం ఆగాను. సాకు దొరకని ఆదివారం ఒక్కటైనా ఉందా? లేదు. వదిన మళ్ళీ అడగలేదు. ఇంటికి పోతే గడ్డం పట్టుకుని కనుబొమ్మలు చూసేది, పెరిగి ఉంటే కత్తెర తెచ్చేది. నిజం తానే అరిచి చెప్పవచ్చు కదా, దవాఖానకు తీసుకుపోయి అడిగించవచ్చు కదా అని నేనే ఆమె మీద విసుక్కున్న రోజులున్నాయి. చూడండి, నేను ఎంతదాన్నో. అన్న కూడా ఆగి ఆగి అలవాటుపడిపోయాడు. బర్రెలను అమ్మేశారు. వదిన చర్చికి పోవడం మానేసింది. ఒకసారి నేను పోయినప్పుడు గడ్డం పట్టుకోలేదు, కత్తెర తేలేదు. అన్నం పెట్టింది, బాబును ఎత్తుకోకుండా దూరం నుంచి ముద్దుచేసింది. ఆమెకు లేని రోగాన్ని ఆమే నమ్మడం మొదలుపెట్టిందా? లేక నా భర్త చూస్తున్నాడని భయపడిందా? అడగలేదు.

ఆ తొంభైలు ముగియకముందే వదిన కామెర్లు వచ్చి పోయింది. కబురు అంది నేను వెళ్ళేసరికి శవానికి స్నానం చేయించాలి, ఆడవాళ్ళంతా వాకిట్లో నిలబడ్డారు. ఎవరూ లోపలికి రావడం లేదు. నేనొక్కదాన్నే నీళ్ళు తోడుకుని, తలుపు దగ్గరగా వేసుకుని ఆమెకు పోశాను. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. ఎంత శుభ్రమైన ఒళ్ళు. పిలిచి చూపిస్తే చాలు, నోటితో చెప్పే పని కూడా లేదు. తలుపు తెరవలేదు. బట్టలు కట్టి, జుట్టు దువ్వి బయటికి వస్తే ముసలామె ఒకామె నా తల నిమిరి, "ఆడిబిడ్డ అంటె గిట్లుండాలె, పెద్దరోగపు మనిషిని జంకకుండ ముట్టుకున్నది," అన్నది. అందరూ తలలూపారు. మా అత్త కళ్ళు తుడుచుకుంది. ఆ మెప్పును నేను తల వంచుకుని తీసుకున్నాను.

నేను చేసిన పనులన్నింటిలో అది నీచం. మొదటి అబద్ధం భయంతో ఆడాను అనుకుందాం. ఆనాడు నాకు ఏ భయమూ లేదు. ఊరికే తీసుకున్నాను.

అత్త పోయింది. అన్న పోయాడు. ఇప్పుడు చెబితే నన్ను ఎవరూ వెళ్ళగొట్టరు కూడా. అయినా భర్తకు చెప్పలేదు, చెబుతానని మీకు మాటా ఇవ్వను. నా మాట ఎట్లాంటిదో చూశారు కదా. ఆ సంఘంలో ఆమెను ఎరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమె ఊసు వస్తే ఇప్పటికీ పాపం, ఆ రోగం అంటారు. దేవుణ్ణి క్షమించమని అడగలేదు. అడగవలసింది ఆయన్ని కాదు.

కనుబొమ్మల్లో ఇప్పుడు తెల్లవెంట్రుకలు వస్తున్నాయి. ఈమధ్య కత్తిరించడం మానేశాను. కళ్ళకు అడ్డం పడుతుంటే పక్కకు తోసుకుంటూ ఇది రాస్తున్నాను. ఇంత రాసినా ఆమె అడిగింది ఇంకా రాయలేదు. నా పేరు దాచుకున్నాను గాని ఆమె పేరు దాచడానికి నాకు హక్కు లేదు.

ఆమె పేరు సువార్తమ్మ. సాతంరాయిలో పాలు పోసేది. మా వదినకు ఏ రోగం లేదు.